వదిన చంపితే

తనను ఎవురూ తిట్టలేదని విశ్వానికి కడుపు మండింది. నవ్వుకుంటే నవ్వుకోండి, జరిగింది మాత్రం అదే. పెండ్లాన్ని ఊరూపేరూ లేని జనం నోటికొచ్చినట్టు తిడతంటే పక్కన కూచున్న మొగుడికి పౌరుషం రావాల, లేదంటే జాలన్నా కలగాల. ఈ మహానుభావుడు కుళ్ళుకున్నాడు.

విశ్వం అంటే కాశీవిశ్వనాథం. మార్కాపురంలో బస్టాండు దాటి తర్లుపాడు రోడ్డుకు తిరిగే మూల మీద వాళ్ళ ఫ్యాన్సీ దుకాణం ఉంది, వెనకనే ఇల్లు. వాళ్ళ నాయన ఉమామహేశ్వర్లు గాజులు, రిబ్బన్లు, తిలకం సీసాలతో మొదలుపెడితే, కొడుకు వచ్చినాక అందులోకి సెల్లు కవర్లు, చార్జర్లు చేరినాయి. ఎండాకాలం మధ్యాన్నం ఆ రోడ్డు మీద కుక్క కూడా కనపడదు. రెండు కాగానే విశ్వం షట్టరు సగానికి దించేసి మేడమీది గదిలోకి పోతాడు. ఫోనును స్టాండుకు తగిలించి, చెవుల్లో వైర్లు పెట్టుకొని, నాలుగింటి దాకా ఆట ఆడతాడు. ఆడుతూ మాట్లాడతాడు. అది లైవులో జనం చూస్తారు.

ఎంత జనం అంటే, నూరుకు అటూ ఇటూ. ఎక్కువేం కాదు. కానీ వాళ్ళు వెలిగండ్లలో ఉన్నారు, రాచర్లలో ఉన్నారు, అడివి అంచున పుల్లలచెరువులో కూడా ఉన్నారు. అందరికీ ఈయన విశ్వం అన్న. 'మార్కాపురానికి జిల్లా రాకపోయినా విశ్వం అన్న వచ్చినాడు' అని ఎవురో రాస్తే దాన్ని ఫోటో తీసి దాచుకున్నాడు. కింద దుకాణంలో ఎంత చేసినా ఉమామహేశ్వర్లు కొడుకే. మేడెక్కితే అన్న. మనిషి బతికేది ఆ ఒక్క పిలుపు మీద.

ఆట పేరు కంచుకోట. ఊళ్ళ మీద పడి మనుషుల్ని ఎత్తుకుపోయే దొంగలు ఒక కోటలో ఉంటారు. మనం లోపలికి దూరి, అడ్డమొచ్చినోళ్ళను చంపుకుంటా, ఒక్కో తలుపు తెరుచుకుంటా పోయి ఊరోళ్ళను విడిపించాల. ఎవరిగా ఆడాలనేది మన ఇష్టం. రుద్ర అని ఒక మగోడు, నీల అని ఒక ఆడది. ఇద్దరికీ ఒకటే బలం, ఒకటే కత్తి. గొంతు, జుట్టు తప్ప తేడా లేదు. విశ్వం ఎప్పుడూ రుద్రే.

సోమవారం ఆట మధ్యలో విజయవాడ నుంచి గాజుల అట్టపెట్టెలు దిగినాయని కింద నుంచి నాయన కేకేసినాడు. విశ్వం ఫోను పెండ్లాం చేతిలో పెట్టి, ఊరికే పట్టుకో, ఇప్పుడే వస్తానని దిగిపోయినాడు. హైమావతి ఆ గదిలోనే మంచం మీద బట్టలు మడతేస్తా ఏడాది నుంచి ఆయన ఆట చూస్తానే ఉంది. అయితే ఊరికే పట్టుకునే రకం కాదు. అప్పుడే రుద్ర చచ్చి, మళ్ళీ ఎవరిగా ఆడతావని తెర మీద ఇద్దరూ వచ్చి నిలబడినారు. ఆమె నీలను నొక్కింది. గాజుల గలగల లైవులో వినపడి, ఆడేది వదిన అని జనానికి తెలిసిపోయింది.

ఆట ఎప్పుడు మొదలుపెట్టినా మొదటి తలుపు కాడ ఒక కాపలావాడు ఉంటాడు. కత్తి ఎత్తి మీదికి పోతే వాడు తన కత్తి కింద పడేసి రెండు చేతులూ ఎత్తేస్తాడు. వదిలేయొచ్చు, చంపొచ్చు. వదిలితే నాలుగడుగులు పోయి గంట కొడతాడు, కోటంతా లేస్తాది. కాబట్టి ఆడేవాళ్ళు అందరూ వాణ్ణి చంపుతారు. విశ్వం వాణ్ణి ఏడాదిగా చంపతానే ఉన్నాడు. చంపినప్పుడల్లా 'అన్నా మాస్' అని కింద కామెంటు పడతాది. హైమ కూడా చంపింది.

పెట్టెలు లెక్క చూసుకొని, చెమట తుడుచుకుంటా విశ్వం పైకి వచ్చేసరికి చూసే జనం మూడింతలు అయినారు. కామెంట్లు ఆగకుండా పారతన్నాయి. అవి చదివే ఫోను హైమది, ఆట ఆడే ఫోను ఆయనది. హైమ ఫోను తీసుకొని చదివినాడు.

'పాపం చేతులెత్తినాడు గదా వదినా.' 'ఆడమనిషికి ఇంత కసి ఏంది?' 'అన్నా, ఇంట్లో కత్తిపీట దాచిపెట్టుకో.' 'దానికి మనసనేది ఉందా అసలు?' ఆ దానికి అనేది ఆటలో నీలకో, ఆడే హైమకో రాసినోడు చెప్పలేదు. మన భాషలో ఆవూ అదే, పామూ అదే, ఆడదీ అదే, ఎవరికి తగిలితే వాళ్ళకు. తర్లుపాడు రూటులో ఆటో తోలే యేసుబాబు, అన్న వీడియో ఒక్కటి కూడా వదలనోడు, వాడు సైతం రాసినాడు. 'వదినా, వాడికీ పెండ్లాం బిడ్డలు ఉంటారు గదా.'

విశ్వం ఆ మాటను మళ్ళీ చదివినాడు. అదే కాపలావాడు. తన చేతిలో ఎన్నిసార్లు చచ్చినాడు! వాడికి పెండ్లాం ఉంటుందని యేసుబాబుకు ఏనాడన్నా తోచిందా? తను చంపితే పురుగు నలిగినట్టు. ఇది చంపితే మనిషి పోయినట్టు. అంటే ఇది కొట్టిన దెబ్బ దెబ్బ, తను ఏడాది పాటు కొట్టింది గాలికి కొట్టినట్టా? తిట్టినా సరే, జనం కండ్లు పెద్దవి చేసుకొని చూసింది దాని కత్తిని. తన కత్తిని చూసినోడు లేడు.

"ఎంత తిడతన్నారో చూసినావా" అన్నాడు పైకి, జాలి పడినట్టు.

హైమ చూసింది. చదివిన కొద్దీ పెదవి కొరుక్కుంది. ఆ తర్వాత బట్టల మూట పక్కకు నెట్టి, రేపు కూడా నేనే ఆడతానంది. ఇంకో తలుపు తెరిచే లోపల మీరు వచ్చినారు, లేకుంటే తెరిచేదాన్ని అంది. విశ్వం సరేలే అన్నాడు. పెద్దమనసు అనుకునేరు. రేపు ఇంకా బాగా తిడితే అదే మానేస్తాదని ఆయన ఎత్తు.

*

మంగళవారం తిట్లు ముదిరినాయి గానీ జనం కూడా పెరిగినారు. గాజులు గలగలమంటంటే పీకలు కోస్తాందని ఒకడు. ఇట్లాంటి దాన్ని చేసుకున్న అన్న ఎంత ఓర్పుమంతుడో అని ఇంకొకడు. ఆ రెండోదాన్ని విశ్వం రెండుసార్లు చదువుకున్నాడు. హైమ తల వంచుకొని ఆడతానే ఉంది. మూడో తలుపు దాటింది. దాటినప్పుడు ఎవురూ మాస్ అనలేదు. అయినా ఒక్కడూ వెళ్ళిపోలేదు. తెర పైన మూల జనం లెక్క తెలిపే అంకె మీదనే విశ్వం కండ్లు అతుక్కపోయినాయి. అంకె పెరిగిన కొద్దీ ఆయన మొహం చిన్నబోయింది.

సాయంత్రం దుకాణానికి పిన్నీసుల కోసం వచ్చిన కాశమ్మ, వెనక వీధిలో ఉండే ముసలామె, పిన్నీసులు చూడకుండా ఇదే ఎత్తుకుంది. మా కోడలు సెల్లులో చూపించింది నాయనా, మీ ఆవిడ అట్ల నరుకుతాంది ఏంది, ఇంట్లో ఏమన్నా బాధ పెడతన్నారా అని గొంతు తగ్గించి అడిగింది. విశ్వం ఏడాదిగా నరుకుతన్నాడు. నీకేం బాధ నాయనా అని ఆయన్ను ఏ కాశమ్మా అడగలేదు. పిన్నీసుల అట్ట ఆమె చేతిలో పెట్టి, అదేం లేదు అవ్వా, ఆట అని గొణిగినాడు. పక్కన కుర్చీలో ఉన్న ఉమామహేశ్వర్లు చదివే పేపరు దించి, ఈ గోల మాన్పించరా, మన ఇంటికి అవసరమా అన్నాడు. మాన్పించమంటే మాన్పించొచ్చు. నాయన మాట అడ్డం పెట్టుకుంటే హైమ నోరెత్తదు. కానీ అట్ల మానితే రేపటి నుంచి మళ్ళీ నూరుమందే కదా. వచ్చిన జనం పోకూడదు, పెండ్లాం మాత్రం పెద్దదైపోకూడదు. దీనికి దారేంది?

దారి అన్నం తినేటప్పుడు తట్టింది. పప్పులో నెయ్యి వేసుకుంటా తనలో తనే నవ్వుకున్నాడు. ఏంది నవ్వుతన్నారని హైమ అడిగితే, ఏం లేదన్నాడు.

*

బుధవారం రెండింటికి హైమ ఫోను ముందర కూచోగానే, ఉండు, ముందు నేను మాట్లాడతానని చెవి వైరు తను పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. కాస్త బొంగురు కూడా తెచ్చుకున్నాడు.

"రెండు రోజులుగా తిడతన్నారు. మీకు సంగతి తెలీదు. బిడ్డ పోయింది. ఐదేండ్ల ఆడపిల్ల. ఆ పాపాత్ములు పొట్టన పెట్టుకున్నారు. ఆ కడుపుకోతే చేతిలో కత్తి అయింది. ఇంక తిడతారో, దండం పెడతారో మీ ఇష్టం."

ఎవరి బిడ్డో ఆయన చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు. ఆయన మనసులో నీల ఉంది, నీల బిడ్డ ఉంది. ఎదురుగా కూచొని మాట్లాడుకునే వాళ్ళం, ఎవరు, ఎవరికి అనేది మనం సగం మింగేస్తాం, వినేవాడికి తెలిసిపోతాది. సెల్లులో వినేవాడికి ఎట్ల తెలుస్తాది? ఇక ఐదేండ్లు అని ఎందుకు అన్నాడంటే, ఇంట్లో తిరిగే వయసు అదే కాబట్టి నోటికి అదే వచ్చింది. వాళ్ళ సాన్విక అప్పుడు కింద గదిలో తాత పక్కన నిద్రపోతంది.

చూస్తండగానే కామెంట్ల రంగు మారింది. 'అయ్యో వదినా.' 'తెలీక అన్నా, క్షమించు తల్లీ.' 'కన్న కడుపు మండితే అట్లనే ఉంటాది.' 'ఒక్కణ్ణి కూడా వదలద్దు వదినా, అందర్నీ నరుకు.' 'పోలేరమ్మ లెక్క ఉన్నావు తల్లీ.' హైమ చేతిలో కాపలావాడు అట్లనే చేతులెత్తినాడు, అట్లనే చచ్చినాడు. వాడి పెండ్లాం బిడ్డల మాట ఈరోజు యేసుబాబు ఎత్తలేదు. రెండు చేతులు జోడించిన బొమ్మలు వరసగా పెట్టినాడు. అన్నిటికన్నా తీపిగా ఇంకొకటి వచ్చింది. 'అన్నా, నువ్వు చెప్తంటే కండ్లలో నీళ్ళు తిరిగినాయి.' మూడు రోజుల తర్వాత విశ్వానికి కడుపు నిండినట్టయింది. కత్తి దానిది కావచ్చు. కారణం తనది. తను చెప్తేనే దానికి దండం పెట్టినారు, లేకుంటే పెట్టేవాళ్ళా?

హైమకు మాత్రం చెయ్యి సాగలేదు. నాలుగో తలుపు కాడ ఊరికే నిలబడిపోయింది. వైరు తీసి, ఐదేండ్లు అని ఎందుకన్నారని మెల్లగా అడిగింది. కథలే, జనానికి కారణం కావాలన్నాడు. ఆమె ఆట ఆయన చేతిలో పెట్టి కిందికి పోయి, నిద్రపోయే పిల్ల మీద చెయ్యి వేసి చూసుకొని వచ్చింది. వచ్చేసరికి ఆయన రుద్రను పెట్టుకొని ఆడతన్నాడు. జనం పలచబడతన్నారు. మళ్ళీ ఆమె చేతికే ఇచ్చినాడు.

ఆ రెండు గంటలూ ఇంట్లో మూడు ఫోన్లూ చచ్చినవాటితో సమానం. రెండు ఆటలో ఉన్నాయి, మధ్యలో ఫోన్లు రాకుండా నొక్కిపెట్టినవి. మూడోదాన్ని ఉమామహేశ్వర్లు గల్లాపెట్టెలో పడేసి నిద్రపోతాడు. ఈ సంగతి కంభంలో ఉండే హైమ తల్లి సౌభాగ్యమ్మకు తెలీదు. ఆమెకు తెలిసిందల్లా, పక్కింటి పిల్ల పరుగున వచ్చి చూపించిన సెల్లులో అల్లుడు బొంగురు గొంతుతో 'బిడ్డ పోయింది, ఐదేండ్ల ఆడపిల్ల' అనడం, ఆ పైన తను ఎన్ని ఫోన్లు చేసినా ఎవురూ ఎత్తకపోవడం.

నాలుగు దాటినాక విశ్వం షట్టరు పూర్తిగా ఎత్తి, దుకాణం ముందర నీళ్ళు చల్లుతంటే యేసుబాబు ఆటో వచ్చి ఆగింది. అందులోంచి సౌభాగ్యమ్మ దిగింది. కాళ్ళకు చెప్పులు లేవు. జారిన కొంగు దుమ్ములో ఈడుస్తంది. బస్టాండులో ఆమె ఏడుపు చూసి, ఎవరింటికని అడిగి, విశ్వం అన్న ఇల్లని తెలిసి యేసుబాబే ఎక్కించుకొచ్చినాడు. వాడి కండ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. ఇంత జరిగితే నాకొక్క మాట చెప్పలేదేంది అన్నా అన్నాడు. ఏం జరిగిందో విశ్వానికి అర్థం కాలేదు.

లోపల గాజుల అట్టపెట్టెలో కూచొని సాన్విక మామిడిపండు చీకతంది. మోచేతుల దాకా రసం. అమ్మమ్మను చూసి నవ్వింది.

సౌభాగ్యమ్మ నిలబడిన చోటనే కూలబడింది. ఆ తర్వాత పాకుతా పోయినట్టే పోయి, పిల్లను పెట్టెలోంచి లాగి, మొహం తడిమి, చేతులు తడిమి, రసం అంటుకున్న వేళ్ళు ఒక్కొక్కటే ముద్దు పెట్టుకుంది. హైమ పై నుంచి దిగివచ్చి తల్లిని పట్టుకుంది. ఏడుపులోంచే సంగతి బయటపడింది. బస్సులో కంభం నుంచి మార్కాపురం దాకా ఆమె పిల్ల శవాన్ని చూసుకుంటా వచ్చింది.

విశ్వం నీళ్ళ చెంబు పట్టుకొని నిలబడిపోయినాడు. అత్తా, నిజం కాదు, ఆటలోది అని మొదలుపెట్టి, నీల సంగతి, కాపలావాడి సంగతి, జనం తిట్టిన సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పినాడు. చెప్తంటే తనకే సిగ్గేసింది. సౌభాగ్యమ్మ కండ్లు తుడుచుకొని శ్రద్ధగా విన్నది. ఆరేండ్లుగా అల్లుణ్ణి మీరు అనే మనిషి నువ్వులోకి దిగింది.

"నువ్వూ ఆడతావు గదా. నీ ఆటలోవాడు చంపడా?"

"చంపుతాడు."

"వాడికి ఎవురు పోయినారు?"

విశ్వం చెంబు కింద పెట్టినాడు.

"ఎవురూ పోలేదు" అన్నాడు.

"మరి దానికెందుకు పోవాల?" అంది సౌభాగ్యమ్మ. జవాబు కోసం ఆగలేదు. లేచి వంటింట్లోకి పోయి, గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి పిల్ల చుట్టూ తిప్పింది. తిప్పుతా అల్లుడి నోటిని, ఆ సెల్లును, సెల్లు కనిపెట్టినోణ్ణి కలిపి తిట్టింది. యేసుబాబు అన్నీ విని, ఎవురికీ చెప్పకుండా ఆటో తిప్పుకొని పోయినాడు.

*

గురువారం విశ్వం మేడ మీదికి ముందే పోయి కూచున్నాడు. జనానికి తనే చెప్పాలని అనుకున్నాడు. ఎట్ల చెప్తే పరువు పోకుండా ఉంటాదో నాలుగు రకాలుగా అనుకొని చూసుకున్నాడు. హైమ వచ్చి ఆయన పక్కన నిలబడింది. లేయండి, నేనే చెప్తానంది. గొంతు పెంచలేదు. నిన్నటి నుంచి ఆయనతో మాట్లాడిన మొదటి మాట అదే కాబట్టి లేచినాడు.

"బిడ్డ పోలేదు" అంది హైమ లైవులో. "నా బిడ్డ కింద వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఉంది. ఈ నీలకు బిడ్డ ఉన్నట్టు ఆటలో ఎక్కడా లేదు. వీణ్ణి వదిలితే గంట కొడతాడు, లోపలున్న ఊరోళ్ళు చస్తారు. అందుకని చంపతన్నా. రుద్ర చంపేది కూడా అందుకే. నిన్న చెప్పింది అబద్ధం. చూసేవాళ్ళు చూడండి."

కాపలావాడు చేతులెత్తినాడు. చంపింది.

నీళ్ళ ట్యాంకరు వెళ్ళిపోయినాక బిందెలోళ్ళు చెదిరిపోయినట్టు జనం చెదిరిపోయినారు. పోతా పోతా మోసం అన్నారు, మా కన్నీళ్ళతో ఆడుకుంటారా అన్నారు, బిడ్డ కూడా పోకుండా ఇంత కసా, ఇది ఆడదేనా అన్నారు. అంకె పడతా పడతా విశ్వం పాత నూరు కంటే కిందికి దిగింది. ఆయన గోడకు ఆనుకొని చూస్తన్నాడు. దాచుకోవడం ఎందుకు, సంతోషమేసింది. అత్త ఏడుపు గుర్తుంది, సిగ్గు గుర్తుంది, అయినా ఆ అంకె దిగతంటే లోపల చల్లగా ఉంది. అయిపోయింది, ఇంక నాది నాకు వస్తాది అనుకున్నాడు.

ఆ అంకె ఒకచోట నిలబడిపోయింది. మిగిలినోళ్ళు ఏమంటన్నారో చూద్దామని ఆమె ఫోను అందుకున్నాడు. తిట్టు లేదు, దండం లేదు. నాలుగో తలుపు కాడ కుడిపక్క మెట్లెక్కాలా, ఎడమపక్కా అని ఒకరు అడిగినారు. కత్తి తిప్పేటప్పుడు వెనక్కు ఎందుకు అడుగేసినావని ఒకరు. పుల్లలచెరువు నుంచి ఒక ఆడపిల్ల, నేను కూడా నీలతోనే ఆడతా, ఆడతానని మా ఇంట్లో చెప్పలేదు, ఇంక చెప్తానని రాసింది. హైమ ఆడుకుంటానే అందరికీ జవాబు చెప్తంది. ఎడమకు పోండి. వెనక్కు అడుగేస్తే వాడి దెబ్బ గాలికి పోతాది. ఏడాదిలో విశ్వాన్ని ఎవురూ ఎట్ల ఆడినావని అడగలేదు. మాస్ అన్నారు, కేక అన్నారు, పోయినారు. తిట్టిన రోజు మండింది ఒక మంటా? ఇప్పుడు మండింది అసలు మంట. ఆ మంట మీద ఒక కథ చల్లినాడు, దీని మీద ఏం చల్లాల?

ఆమె ఐదో తలుపు తెరిచింది. ఆయన ఎప్పుడూ నాలుగు దాటలేదు. లోపల కట్టేసిన ఊరోళ్ళు లేచి నిలబడినారు. విశ్వం కిందికి దిగివచ్చి షట్టరెత్తినాడు.

చీకటి పడక ముందే యేసుబాబు వచ్చినాడు. ఫోను అద్దం పగిలింది, పైన గ్లాసు వేయమన్నాడు. విశ్వం పాత గ్లాసును గోటితో లేపి తీసి, గుడ్డతో తుడుస్తా, నిన్న మా అత్తను భద్రంగా తెచ్చినావు అన్నాడు. ఏదో ఒకటి అనాల కదా. యేసుబాబు కౌంటరు మీద మోచేతులు ఆనించి, ఈరోజు ఆట ఆటోలో కూచొని చూసినానని చెప్పినాడు. వాడికీ పెండ్లాం బిడ్డలని సోమవారం రాసింది నేనే, రుద్ర చంపినప్పుడు నాకు ఆ మాట ఎందుకు రాలేదో తెలీడం లేదని, రాత్రంతా అదే తిరిగిందని చెప్పినాడు. విశ్వం తల ఎత్తకుండా కొత్త గ్లాసు మీద కాగితం ఒలిచినాడు.

"ఎంత ఇమ్మంటావు బావా?"

విశ్వం చెయ్యి ఆగింది. బజారులో ఆయన్ను బావా అన్నోడు ఇంతవరకు లేడు.

"ఏందిరా కొత్తగా? నేను నీకు అన్నను గదా."

యేసుబాబు ఎగతాళికి అనలేదు. వాడి మొహంలో నవ్వు కూడా లేదు. తెలీనోడికి చెప్పినట్టు నిదానంగా చెప్పినాడు.

"ఈరోజు నుంచి ఆమెను అక్కా అంటన్నా. అక్కా అన్న నోటితో ఆమె మొగుణ్ణి అన్నా అంటే తప్పు కాదా? అక్క మొగుడు బావే అవుతాడు."

వదిన అని పిలిచినన్నాళ్ళు తను అన్న. ఆమె అక్క అయితే తను ఇంకేమీ కాలేడు. విశ్వం గ్లాసును ఫోను అద్దం మీద ఆనించి బొటనవేలితో ఒక అంచు నుంచి రెండో అంచుకు ఒత్తినాడు. ఒత్తడం అయిపోయినా ఇంకా ఒత్తుతానే ఉన్నాడు.

"రేపు అక్క ఎన్నింటికి వస్తాది?" అని అడిగినాడు యేసుబాబు.

లేదురా, రేపు నేను ఆడతానని చెప్పొచ్చు. నాలుక చివర దాకా వచ్చింది కూడా. ఫోను తుడిచి, వాడి చేతిలో పెట్టినాడు.

"రెండింటికి" అన్నాడు బావ.